వానగిరి ద్విముఖమణి

పేరు వానగిరి. వానకు మాత్రం ఎవరో గిరి గీసి ఆపేసినట్టు, మబ్బులు సరిహద్దు కొండల దాకా వచ్చి, తొంగి చూసి, వచ్చిన దారినే వెనుదిరుగుతాయి. ఆ రాజ్యంలో పడుచువాళ్ళకు గొడుగంటే రాజుగారి తలమీద పట్టే అలంకారం. అది వానకు పట్టేదని చెబితే పడీపడీ నవ్వుతారు. కప్పలకు పెళ్ళి చేసి వాన రప్పిద్దామంటే పెళ్ళికొడుకు దొరకడు. ఇంటికొచ్చిన అల్లుడి కాళ్ళు ఇసుకతో కడుగుతారు. గుళ్ళో దేవుడికి ఇసుకాభిషేకం. నీళ్ళు నేలపాలు చేసినవాడి తల కూడా నేలపాలే.

అటువంటి వానగిరి కోటలో, చలువశాల అరుగు మీద, మేఘవాడ యువరాజు నీరదుడు సేవకుడి వేషంలో కూర్చుని కూజా తిప్పుతున్నాడు. మేఘవాడంటే ఏడాది పొడుగునా చూరు కారే దేశం. నీళ్ళలో పుట్టి నీళ్ళలో పెరిగినవాడు నీళ్ళకు కాపలా కాస్తున్నాడంటే కారణం చిన్నది కాదు. వాడి అక్క సౌదామిని ఈ దేశపు రాణి. మధ్యాహ్నం నగారా మోగేసరికి ఆమె ప్రాణం ఉంటుందో పోతుందో తేలిపోతుంది.

ఆమె చేసిన నేరమల్లా ఒక్క మాట అనడం. "మా పుట్టింట నీళ్ళు పొర్లిపోతున్నాయి, కొండకు గండి కొట్టి కాలవ తెచ్చుకుందాం" అంది. ఆ మాట చెవిన పడ్డ క్షణం నుంచీ రాజగురువు, మహామాంత్రికుడు ధూమ్రకంఠుడికి కంటిమీద కునుకు లేదు. పేరుకు తగ్గట్టు పొగ పెట్టడంలో పొగడదగ్గవాడు. "రాణికి రెండు ముఖాలు ప్రభూ! ఒకటి మెట్టినింటి వైపు, ఒకటి పుట్టింటి వైపు. ఆ ద్రోహి ఉన్నంతకాలం వాన రాదు. నా ద్విముఖమణి చూపిస్తుంది చూడండి" అని రాజు ఉగ్రబాహుడి చెవిలో ఊదాడు. ఆ మణిలోంచి చూస్తే మంచివాడు ఒక్కడుగా, ద్రోహి ఇద్దరుగా కనిపిస్తాడట. ఇద్దరుగా కనిపించినవాణ్ణి ఎండుగుండంలోకి తోస్తారు. గుండంలో పడ్డవాడు ఒక్కడైనా, ఇద్దరైనా, ఇంతవరకూ పైకి రాలేదు.

"తిప్పు నాయనా, తిప్పు! చెయ్యి ఆగితే నీళ్ళు వేడెక్కుతాయి, నీళ్ళు వేడెక్కితే రాజుగారు వేడెక్కుతారు" అంది పక్కన కూర్చున్న నాంచారి.

నాంచారి పగటివేషాల మేళానికి నాయకురాలు. నడివయసు, నగారా గొంతు. నీరదుణ్ణి కోటలోకి తెచ్చింది ఆమే. వేషం వేసుకున్నవాడికి ఆ వేషం పని కూడా వచ్చితీరాలన్నది ఆమె పట్టింపు. అందుకే యువరాజు చేత నిజంగానే చలువపని నేర్పించింది. పెద్ద గంగాళంలో నీళ్ళు పోసి, తుపాకిమందులో వాడే పెట్లుప్పు గుట్టగా కలిపి, ఆ ఉప్పునీళ్ళలో తాగేనీళ్ళ కూజాను తిప్పుతూ ఉండాలి. పెట్లుప్పు కరుగుతున్నకొద్దీ గంగాళం చల్లబడుతుంది, దానితోపాటు కూజా చల్లబడుతుంది. నిప్పులో పడితే పెటపెటమని మండిపోయే ఉప్పు, నీళ్ళలో పడితే వేళ్ళు కొంకర్లు పోయేంత చలువ! సగం అల్లుడు, సగం అత్తగారు అని నాంచారి దానికి పేరు పెట్టింది.

ఇంకొంచెం ఉప్పు కలుపుదామని నీరదుడు బుట్టలో చెయ్యి పెట్టి ఉలిక్కిపడ్డాడు.

"నాంచారమ్మా, ఉప్పు చెమ్మగా ఉంది!"

"చెమ్మా? ఈ దేశంలో కళ్ళకే చెమ్మ లేదు, ఉప్పుకెక్కడిది?"

"మా ఇంట్లో ఉప్పుజాడీ ఇలా చెమట పట్టిందంటే మా అమ్మ ఆరేసిన బట్టలు లోపలికి తెమ్మనేది. ఉప్పు గాలిలో తేమ పీలుస్తుంది. వాన వస్తోందమ్మా! ఇవాళో రేపో కాదు, ఈ పూటే!"

నాంచారి నోరు తెరిచి ఆకాశం వైపు చూసింది. పడమట, కొండ అంచున, కాటుక వేలితో ఒక్కసారి రాసినట్టు నల్లగీత.

"అయితే ఆ పొగరాయుడికీ ఈ సంగతి తెలుసన్నమాట. అందుకే ఇవాళే ముహూర్తం పెట్టాడు. రాణిని గుండంలోకి తోస్తాడు, వెనకే వాన పడుతుంది, ఘనత తన ఖాతాలో! ఎంత ఘనమైన బుర్ర, ఘనాన్నే, ఆ మబ్బునే, వాడేస్తున్నాడు!"

నీరదుడి చెయ్యి ఇంకా బుట్టలోనే ఉంది. బుట్ట అడుగున చేతికి తగిలిన ఒక గడ్డను బయటికి తీశాడు. తక్కినవి మట్టిరంగులో ఉంటే ఇది మాత్రం స్ఫటికంలా తేటగా, పక్కకు ఒరిగిన పెట్టెలా ఉంది. దాన్ని కంటి ముందు పెట్టుకుని నాంచారి వైపు చూశాడు.

ఇద్దరు నాంచారులు కనిపించారు!

"ఒక్కదానితోనే వేగలేకపోతున్నాను..." అంటూ గడ్డను నెమ్మదిగా తిప్పాడు. ఇద్దరూ జరిగి జరిగి ఒక్కరిలో కలిసిపోయారు. ఇంకొంచెం తిప్పాడు. మళ్ళీ ఇద్దరు. నాలుక కొస ఆనించాడు. ఉప్పన, ఆ వెనకే జిల్లుమనే చలువ.

"అమ్మా! మణీ లేదు, మహిమా లేదు. వాడి దగ్గరున్నది పెట్లుప్పు గడ్డ! ఏ పక్కనుంచి చూస్తే ఒకటో, ఏ పక్కనుంచి చూస్తే రెండో వాడికి తెలుసు. మణికట్టు తిప్పితే మనిషి తలరాత తిరిగిపోతుంది."

"అయ్యో రాత! ఇన్నాళ్ళూ ఒక్కడికీ తెలియలేదా?"

"ఎలా తెలుస్తుంది? వీళ్ళు దేవుణ్ణే ఇసుకతో కడుగుతారు. మణిని నీళ్ళతో ఎవడు కడిగాడు? నేను దాన్ని గంగాళంలో పడేస్తాను. అందరి ఎదుటా కరిగిపోతుంది. ఆ ఒక్క క్షణం నాకు దొరకాలి."

"క్షణం సంగతి నాకొదిలెయ్" అని నాంచారి రంగుల సంచీ చంకన పెట్టుకుని లేచింది.

మధ్యాహ్నపు నగారా మోగింది.

సభామంటపం సామాన్యమైనదా! తెల్లని స్తంభాలు వరుసలు తీరి, వెన్నెలను పోతపోసి నిలబెట్టినట్టు తళతళలాడుతున్నాయి. పైన రత్నకంబళ్ళ వితానం, పక్కల నెమలిపింఛాల వింజామరలు, గోడలకు వేలాడే బంగారు గంటలు, నడుమ పులిగోళ్ళ సింహాసనం. సింహాసనం మీద ఉగ్రబాహుడు, కోపంతో కాదు, దాహంతో ఎర్రబడ్డ కళ్ళతో. ఎదురుగా నల్లరాతి పలక మీద సౌదామిని. ఆ పలకే ఎండుగుండానికి మూత. పక్కన ఇనుప మీట. మీట లాగితే పలక ఒరుగుతుంది, మనిషి జారుతుంది.

రాణి నగలన్నీ తీసేశారు. తల మాత్రం దించలేదు. గంగాళంతో, కూజాతో వచ్చిన చలువ సేవకుడి వైపు ఒక్కసారి చూసింది. తమ్ముడి నడక గుర్తుపట్టడానికి ఆమెకు మణి అక్కర్లేదు. వెంటనే చూపు తిప్పేసుకుంది.

ధూమ్రకంఠుడు ముందుకొచ్చాడు. గుండు, గుండు మీద విభూతి, చేతిలో పట్టుగుడ్డ, గుడ్డలో పిడికెడంత మణి. ముందు కుంపటి కణకణలాడుతోంది. మణిని ఆ వేడికి అటూ ఇటూ చూపిస్తూ మంత్రాలు గొణుగుతున్నాడు. ధూపం వేస్తున్నాడని జనం చేతులు జోడించారు. చెమ్మ పట్టిన ఉప్పును ఆరబెట్టుకుంటున్నాడని నీరదుడు పళ్ళు నూరాడు.

"ప్రభూ, చూడండి! మీ పట్టమహిషి ఎందరో లెక్క..."

"ఆగండహో!"

ఆ కేకకు వింజామరలు పట్టినవాళ్ళు కూడా ఆగిపోయారు. ద్వారం దగ్గర అర్ధనారీశ్వరుడు నిలబడి ఉన్నాడు. కుడివైపు జడలు, పులితోలు, మెలితిరిగిన మీసం. ఎడమవైపు వాలుజడ, పట్టుచీర, ముక్కెర. నాంచారి వేషం వేస్తే శివుడూ పార్వతీ కూడా తమలో ఎవరు తప్పిపోయారోనని ఒకరినొకరు తడుముకోవాల్సిందే.

పగటిపూట దేవుడి వేషం సభకు వస్తే, అది అడిగిన ఒక్క కోరిక రాజు తీర్చాలి. వానగిరి పాత ఆచారం.

"ఏం కావాలి స్వామీ... అమ్మవారూ?" ఉగ్రబాహుడు ఎటు చూసి అడగాలో తెలియక ముక్కు వైపు చూసి అడిగాడు.

"ఆ మణిలోంచి మమ్మల్ని చూడు నాయనా. మేము ఒకరమో, ఇద్దరమో మాకే ఎప్పణ్ణించో సందేహం."

సభలో గుసగుస బయలుదేరింది. ధూమ్రకంఠుడి మణికట్టు బిగుసుకుంది. ఇద్దరుగా చూపిస్తే దేవుడు ద్రోహి. ఒక్కరుగా చూపిస్తే, రెండు ముఖాలూ బాహాటంగా పూసుకుని వచ్చినవాళ్ళను కూడా మణి ఒకటే అన్నట్టు. వాడు మణిని కాస్త వాల్చి రాజు కంటి ముందు పట్టాడు.

"ఒక్కరే!" అన్నాడు ఉగ్రబాహుడు.

"సగం మీసం, సగం ముక్కెర ఉన్న నేను ఒక్కదాన్నా! ఇంతలేసి రెండు ముఖాలు దానికి ఆనలేదు గానీ, రాణిగారి మనసులో ఉన్న ముఖం ఆనుతుందా?"

"మణి మనసులు చూస్తుంది, మీసాలు కాదు!" మాంత్రికుడు గర్జిస్తూ, తక్షణమే మణిని రాణి వైపు తిప్పాడు. "చూడండి ప్రభూ!"

ఉగ్రబాహుడు చూశాడు. మొహం పాలిపోయింది.

"ఇద్దరు..." అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన గొంతు ఎంత ఎండిందో, పక్కనున్నవాళ్ళకు కూడా దాహం వేసింది. "సౌదామినీ, ఇద్దరుగా కనిపిస్తున్నావు."

"మీకు నేను ఒక్కదాన్నే ప్రభూ. చూసే రాయి వేరు, చూసే కన్ను వేరు" అంది రాణి.

"మీట లాగండి!" అన్నాడు ధూమ్రకంఠుడు.

భటుడి చెయ్యి మీట మీద పడింది. అదే క్షణంలో నాంచారి, శివుడి కాలితో తాండవం, పార్వతి కాలితో లాస్యం కలిపి ఒక గెంతు గెంతి భటుడి మీద పడింది. అందరి కళ్ళూ అటు తిరిగాయి. నీరదుడు చిరుతలా దూకాడు. మాంత్రికుడి చేతిలోంచి గుడ్డతో సహా మణిని లాక్కుని గంగాళంలోకి విసిరాడు. బుడుంగ్!

"ప్రభూ! అది మణి కాదు, పెట్లుప్పు! ఇప్పుడే కరిగిపోతుంది, చూడండి!"

భటుల కత్తులు వాడి మెడ మీదికి వచ్చాయి. ఉగ్రబాహుడు చెయ్యెత్తి ఆపాడు. సభంతా మెడలు చాచి గంగాళంలోకి చూసింది. నీరదుడు కూజాతో గిరగిరా కలిపాడు. ఇంకా కలిపాడు. చెమటలు పట్టేలా కలిపాడు.

మణి అడుగున పడి మెరుస్తోంది. అంచు అరగలేదు. మూల చెదరలేదు.

ధూమ్రకంఠుడు మొదట బిత్తరపోయాడు, తర్వాత చిరునవ్వు నవ్వాడు, తర్వాత గోడల గంటలు మోగేలా నవ్వాడు. చెయ్యి ముంచి మణిని తీసి పైకెత్తాడు. "చూశారా జనులారా! నీళ్ళలో ముంచినా చెక్కుచెదరలేదు! దీనికి మించిన సాక్ష్యం కావాలా?"

"మణికి జయం!" అని సభ ఘోషించింది. ఇంతకుముందు సందేహించినవాళ్ళ గొంతే ఇప్పుడు పెద్దగా వినిపించింది.

నీరదుడు కూజాను పైకి లాక్కున్నాడు. అక్కను కాపాడదామని వచ్చి, అక్క చావుకు తనే ముద్ర వేశాడా? గంగాళం వైపు చూశాడు. అడుగున తెల్లగా, కరగకుండా మిగిలిన ఉప్పు పేరుకుని ఉంది. పొద్దుటి నుంచీ బుట్టలకు బుట్టలు పోసింది తనే! అది కడుపు నిండిన నీరు. పీకలదాకా ఉప్పు తిన్న నీళ్ళు ఇంకొక్క పలుకు కూడా ముట్టవు. కావలసింది ఆకలిగా ఉన్న నీరు.

ఆకలిగా ఉన్న నీరు వాడి చేతిలోనే ఉంది. రాజుగారి కూజా. రాజ్యంలోకెల్లా తేటనీరు. నేల మీద ఒలకబోస్తే తల తెగే నీరు.

"ఒరేయ్, వద్దురా!" రాణి నోటినుంచి మాట జారిపోయింది.

నీరదుడు కూజాను ఎత్తి, పైకెత్తిన ఆ మణి మీద, మణితోపాటు మాంత్రికుడి గుండు మీద, ధారగా కుమ్మరించాడు.

సభలో హాహాకారాలు లేచాయి. ఒలికిన నీళ్ళకు కొందరు ముసలివాళ్ళు ఏడ్చారు కూడా. కానీ ఏడుపులు మధ్యలోనే ఆగిపోయాయి. మణి మూలలు మెత్తబడ్డాయి. పదునైన అంచులు అరిగిన సబ్బులా గుండ్రబడ్డాయి. తేటదనం పోయి చూపు పోయిన కన్నులా మసకబారింది. మాంత్రికుడి మోచేతి మీదుగా తెల్లని ధార కారుతోంది. నీరదుడు ఆ తడి వేలితో అద్ది ఉగ్రబాహుడి ముందు చాపాడు.

"నాలుకకు రాసుకోండి ప్రభూ. మీ మణి రుచి చూడండి."

రాజు రుచి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి. నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. "ఉప్పు! నా ఉప్పు తిని, నాకే ఉప్పు చూపించి, ఇందరి ప్రాణాలు... పట్టుకోండి వాణ్ణి!"

"పట్టుకోండి, చెయ్యి కాలుతుంది!" అంటూ ధూమ్రకంఠుడు అరిగిన మణిని కుంపట్లోకి విసిరాడు. భుగ్గుమంది! బొగ్గుల మీద పెట్లుప్పు పడగానే పసుపుపచ్చని మంట నాలుకలు చాచి వితానాన్ని అందుకుంది. పొగ సుడులు తిరిగింది. భటులు కళ్ళు మూసుకున్నారు. తెరిచేసరికి మాంత్రికుడు నల్లపలక మీద ఉన్నాడు, రాణి జుట్టు వాడి పిడికిట్లో ఉంది, వాడి రెండో చెయ్యి మీట మీద ఉంది.

పలక ఒరిగింది. ఇద్దరూ మాయమయ్యారు.

"నాయనా, మూసుకుపోతోంది!" నాంచారి అరుపు పూర్తికాకముందే నీరదుడు సందులోకి తలకిందులుగా దూకేశాడు. వాడి మడమలను రాసుకుంటూ పలక ధడేలున పడింది.

జారుడు. చీకటి. మళ్ళీ జారుడు. మలుపులో ఇరుక్కున్న భుజాన్ని విడిపించుకోవడానికి చాలాసేపు పట్టింది, వీపు చీరుకుపోయింది. ఆపైన కింద వెలుతురు!

వాడు వచ్చిపడిన చోటు గుండం కాదు, గుహ. గుహ అనడం కూడా తక్కువే. పాలసముద్రం ఎగసిపడుతూ ఉండగా ఎవరో "ఆగు" అంటే ఆగిపోయినట్టుంది. నేల తెలుపు, గోడలు తెలుపు. కప్పు నుంచి మంచు ఈటెల్లా వేలాడే స్ఫటికాలు, నేలనుంచి మొలిచిన తెల్లని కొమ్మలు, రాళ్ళ మీద పూసిన తెల్లని నూగు. పైనెక్కడో రాతి చీలికలోంచి దిగిన పగటివెలుగు వాటన్నిటిలో విరిగి, ఇంద్రధనుస్సులు ముక్కలై రాలినట్టు మెరుస్తోంది. నడుమ వరుసలు తీరిన స్తంభాలు. పైన సభామంటపంలో ఉన్న స్తంభాలకు ఇవే వేళ్ళు! వానగిరి కోట మొత్తం ఈ ఉప్పు మీద నిలబడి ఉంది.

"తమ్ముడూ!"

తేట స్ఫటికాల వెనుక ఇద్దరు సౌదామినులు కనిపించారు. ఇద్దరూ ఏకకాలంలో పిలిచారు. నీరదుడు ఈసారి మోసపోలేదు. స్ఫటికాన్ని చుట్టి పక్కనుంచి పరుగెత్తాడు. ఒక్కతే అక్క, సన్నని ఉప్పుస్తంభానికి ఇనుపగొలుసుతో బంధించి ఉంది. గుండంలో తోసినవాళ్ళ చేత ఉప్పు తవ్వించడానికి ప్రతి స్తంభానికీ గొలుసు సిద్ధంగానే ఉంచాడు ధూమ్రకంఠుడు. తక్కిన గొలుసులన్నీ ఇప్పుడు ఖాళీగా వేలాడుతున్నాయి.

వాడు గుహ చివర, రాతి తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నాడు. "కాలవ కాలవ అని కలవరించావు కదా రాణీ! వానైతే ఒక పూట కురిసి పోతుంది, కాలవ వస్తే మాత్రం ఈ కోట నాలుగు రోజులు నిలవదు. నా గుట్టు కరిగిపోయేది, గుట్టతో సహా! నిన్ను బతకనిస్తానా? తాళంచెవి నా దగ్గరుంది, తలుపు నా వెనక ఉంది. మీ అక్కాతమ్ముళ్ళు తీరిగ్గా మాట్లాడుకోండి."

నీరదుడు దూకేలోగా తలుపు దబ్బున మూసుకుంది. అటువైపు గడియ పడిన చప్పుడు వినిపించింది.

నీరదుడు గొలుసు లాగాడు. రాయితో కొట్టాడు. కడియం వంగలేదు. స్తంభం మీద గుద్దాడు, పిడికిలి పగిలింది. "ఇంత నీళ్ళుంటే చాలక్కా, ఈ స్తంభాన్ని కరిగించి గొలుసు జార్చేసేవాణ్ణి! ఉన్న కూజాడు నీళ్ళూ వాడి గుండు మీద పోసేశాను!"

"గుండు చల్లబడిందా?" అంది సౌదామిని. ఆ స్థితిలో కూడా నవ్వింది. "నాన్నగారు చూస్తే, నీళ్ళు వృథా చేశావని మొదటిసారి తిట్టి ఉండేవారు."

టప్.

నీరదుడి నుదుటి మీద ఏదో పడింది. తుడుచుకుని చూశాడు. నీటిబొట్టు. రాతి చీలికలోంచి మరొకటి. ఇంకొకటి. దూరంగా, పర్వతం కడుపులో ఏనుగు ఘీంకరించినట్టు ఉరుము.

ఆ వెంటనే పైనుంచి కేకలు, ఈలలు, డప్పులు. "వానోయ్! వానగిరికి వానోయ్!" ఒక తరం నుంచి ఎదురుచూసిన జనం మంటపంలోకి, ముంగిట్లోకి తోసుకొచ్చి గంతులేస్తున్నారు. వాళ్ళ అడుగుల దరువుకు కప్పు అదురుతోంది. అందరినీ మించి నాంచారి నగారా గొంతు, "తొక్కండర్రా! నేల దద్దరిల్లేలా, ఆ నల్లపలక పగిలేలా తొక్కండి!"

చీలిక ధార కట్టింది. ధార నేల మీద పాయలైంది. పాయ వచ్చి సౌదామిని కట్టుబడ్డ స్తంభం మొదలును తాకింది. ఆకలిగా ఉన్న నీరు! స్తంభం అంచు అప్పుడే అరుగుతోంది. గొలుసు వదులై ఒక్క లంకె జారింది. పక్క స్తంభం కూడా అరుగుతోంది. దాని పక్కదీ.

"వదులవుతోందక్కా! ఇంకాస్త!" అని అరిచి, నీరదుడు గబుక్కున నోరు మూసుకున్నాడు. పై కప్పు వైపు చూశాడు. చినుకులతోపాటు తెల్లని పొడి రాలుతోంది. నాంచారి ఇంకా తొక్కమంటోంది.

ఈ స్తంభం కరిగితే అక్క బయటపడుతుంది. ఈ స్తంభాలు కరిగితే ఊరంతా లోపల పడుతుంది.

సౌదామిని తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని, పైన దరువు, కింద ధార వింటూ, తమ్ముడి కళ్ళలోకి సూటిగా చూసింది.

"చెప్పరా తమ్ముడూ, త్వరగా చెప్పు. వాన కురవాలని దణ్ణం పెట్టనా, ఆగాలని పెట్టనా?"